స్కాలర్‌షిప్ ఫారాన్ని పిల్లలు మధ్యలోనే వదిలేస్తుంటే ఏ ప్రశ్నలు తీసేయాలి?

మీ ట్రస్టు గూగుల్ ఫారంలో అరవైకి పైగా ప్రశ్నలున్నాయని, పిల్లలు సగంలో ఆపేస్తున్నారని, ఏవి తీసేయాలో చెప్పమని అడిగారు. హనుమకొండలో నాకు నెట్ సెంటర్ ఉంది. అడ్మిషన్ల సీజన్ వస్తే పొద్దున్నుంచి రాత్రి దాకా ఫారాలు నింపడమే పని. నేను చూసినంతలో ప్రశ్నలు ఎక్కువయ్యాయని ఎవరూ వదిలేయరు. తమకు సంబంధం లేనిది అడిగితే వదిలేస్తారు.

పోయినేడు ఒక నాయనమ్మ, ఇంటర్ చదివే మనవరాలిని తీసుకుని వచ్చింది. ఏదో స్కాలర్‌షిప్ ఫారం. తండ్రి పేరు రాశాం. తర్వాత తండ్రి వృత్తి, తండ్రి ఆదాయం, తండ్రి ఫోన్ నంబరు, అన్నింటికీ ఎర్ర స్టార్. ఆ పిల్ల తండ్రి చనిపోయాడు. ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. ఆదాయం సున్నా అని కొడితే ఒప్పుకోదు. ఫోన్‌కు పది అంకెలు ఉండాల్సిందే. "మనిషే లేకపాయె, ఫోనెక్కడిది బిడ్డా" అంది నాయనమ్మ. పిల్ల తల దించుకుని సర్టిఫికెట్ల కవరు సర్దుతూ కూర్చుంది. చివరికి నాయనమ్మ నంబరే తండ్రి నంబరుగా వేయాల్సి వచ్చింది. ఇంతా చేస్తే, తల్లిదండ్రులు ఉన్నారా అనే ప్రశ్న చివరి పేజీలో ఉంది! అదే మొదట అడిగితే ఆ పిల్లకు ఆ బాధ ఉండేది కాదు, ట్రస్టుకు తప్పుడు వివరం వెళ్లేది కాదు.

కాబట్టి ప్రశ్నలు తీసేయకండి, విడదీయండి. తండ్రి వివరాలు ఒక సెక్షన్ (అంటే ఫారంలో విడి పేజీ), సంరక్షకుల వివరాలు ఒక సెక్షన్, హాస్టల్ పిల్లలవి ఇంకొకటి. తల్లిదండ్రులు ఉన్నారా లాంటి, దారి మార్చే ప్రశ్న కింద మూడు చుక్కలు నొక్కితే 'గో టు సెక్షన్ బేస్డ్ ఆన్ ఆన్సర్' వస్తుంది, అంటే ఏ జవాబుకు ఏ సెక్షన్ తెరవాలో అక్కడ పెట్టొచ్చు. మల్టిపుల్ చాయిస్‌కు, డ్రాప్‌డౌన్‌కే ఇది ఉంటుంది, చెక్‌బాక్సులకు రాదు. ఆ ప్రశ్న తన సెక్షన్‌లో చివరిదై ఉండాలి, లేకపోతే దాని కిందవి అందరికీ కనిపిస్తాయి. ప్రతి సెక్షన్ చివర 'ఆఫ్టర్ సెక్షన్' దగ్గర తర్వాత ఎక్కడికి వెళ్లాలో తప్పకుండా పెట్టండి. చాలామంది ఇదే మరిచిపోతారు. అప్పుడు తండ్రి సెక్షన్ నింపినవాళ్లు నేరుగా సంరక్షకుల సెక్షన్‌లో పడతారు. స్టార్ పెట్టిన ప్రశ్నలైనా, ఆ సెక్షన్‌కు రానివాళ్లను అడ్డుకోవు.

అమెరికా వీసాకు నింపే డీఎస్-160 చాలా పొడవు. అయినా ఇంతకుముందు అమెరికా వెళ్లారా అన్నదానికి 'నో' కొడితే పాత ప్రయాణాల తేదీలు అడగదు. అంత పెద్ద ఫారమే ఆ మర్యాద పాటిస్తుంటే ఊళ్లో పిల్లలకు డబ్బు సాయం చేసే ఫారానికి ఎందుకు చేతకాదు?

ఇంకో మాట, నిజంగా తీసేయాల్సినవి ఏవైనా ఉంటే ఇలాంటివే. ఫైల్ అప్‌లోడ్ పెడితే జీమెయిల్‌తో లాగిన్ కావాలి. పాస్‌వర్డ్ గుర్తులేక నా దగ్గర ఎంతమంది పిల్లలు ఏడుపు మొహం పెడతారో! ఆదాయ సర్టిఫికెట్ ఎంపికైనవాళ్లనే తర్వాత అడగండి. పుట్టిన తేదీ తీసుకున్నాక వయసెంత అని మళ్లీ ఎందుకు?

లింకు పంపేముందు ఫోన్‌లో ఒక్కో దారిలో నింపి చూడండి: తండ్రి లేని పిల్లగా ఒకసారి, హాస్టల్ పిల్లగా ఒకసారి, ఇద్దరూ ఉన్న పిల్లగా ఒకసారి.