హెచ్‌ఏఎల్ మ్యూజియంకా? ఆదివారం మాత్రం వద్దు

ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాపతో బెంగళూరు వస్తున్నామనీ, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఉన్న హెచ్‌ఏఎల్ (విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ విమానాల మ్యూజియం వాళ్ళకి బోరు కొడుతుందేమోననీ అడిగారు. మేం మారతహళ్ళిలో ఉంటాం. ఇంటికి చుట్టాలొస్తే పిల్లల్ని తోలుకెళ్ళేది అక్కడికే, ఇప్పటికి నాలుగుసార్లయింది. బోరు కొట్టింది మొదటిసారి ఒక్కటే. ఆ తప్పూ నాదే.

ఏప్రిల్‌లో ఆదివారం, మిట్టమధ్యాహ్నం వెళ్ళాం. విమానాలు చాలావరకు ఆరుబయట ఉంటాయి. నేనేమో పంతులమ్మలాగా ప్రతి బోర్డు దగ్గరా ఆగి చదివి వినిపించడం మొదలుపెట్టాను. మూడో బోర్డుకే మావాడు "అమ్మా, ఐస్‌క్రీం" అన్నాడు. చిన్నది మిగ్-21 రెక్క నీడలో చతికిలబడి ఇక లేస్తే ఒట్టు.

రెండోసారి నోరు మూసుకుని వాళ్ళ వెనకే నడిచాను. మావాడు లోపల హాల్లో, కోసిపెట్టిన జెట్ ఇంజన్ దగ్గర ఆగిపోయాడు. ముందు వరసల్లో రేకులు పొడుగ్గా ఉన్నాయి, వెనక్కి పోయేకొద్దీ పొట్టిగా. "వెనకవెందుకు చిన్నవైపోయాయి?" అన్నాడు. నాకేం తెలుసు! పక్కనున్న ఓ పెద్దాయన అందుకున్నారు. "ఈ రేకులు తిరిగేది గాలిని నొక్కడానికి బాబూ. నొక్కేకొద్దీ గాలికి చోటు తక్కువ సరిపోతుంది, అందుకే దారీ ఇరుకు, రేకులూ పొట్టి." అలా నొక్కిన గాలిలో ఇంధనం మండుతుందట. ఆ వేడిగాలి వెనక్కి తన్నుకుపోతూ వెనకున్న టర్బైన్ అనే రేకుల చక్రాన్ని తిప్పుతుంది, టర్బైన్ అదే ఇరుసు మీద ముందున్న రేకుల్ని తిప్పుతుంది. "మరి మొట్టమొదట తిప్పేదెవరు?" అన్నాడు వీడు. దానికి స్టార్టర్ వేరే ఉంటుందన్నారాయన. "మన స్కూటర్‌కున్నట్టా?" "అట్లాంటిదే." ఇరవై నిమిషాలు అక్కడే గడిచిపోయాయి. ఫోటోల హాలు చూడనే లేదు, ఏం నష్టం లేదు.

బయట మారుత్ యుద్ధవిమానాన్ని మాత్రం వదలకండి. దాని కథ చెబితే పిల్లలు వింటారు. జర్మన్ డిజైనర్ కుర్ట్ టాంక్ ఇక్కడికొచ్చి రూపకల్పన చేశాడు, 1961లో తొలిసారి ఎగిరింది. అనుకున్న ఇంజన్ దొరక్క, అంతకంటే బలం తక్కువైన ఆర్ఫియస్ ఇంజన్లు రెండు పెట్టారు. రథానికి దూడల్ని కట్టినట్టన్నమాట. దాంతో అనుకున్న వేగం ఎన్నడూ అందుకోలేదు. అయినా 1971 యుద్ధంలో పోరాడింది. ఇది విన్నాక మావాడు దాని చక్రం పక్కన నిలబడి "పాపం" అన్నాడు. నాలుగేళ్ళ పాపకి ఇవేవీ పట్టవు లెండి. చిట్టి నాట్ విమానం చూపించండి, తన సైజుదే అనుకుంటుంది.

ఇక అసలు సంగతి. వీలైతే పనిరోజు పొద్దున్నే వెళ్ళండి. పక్కనే పాత ఎయిర్‌పోర్టు రన్‌వే. 2008లో ప్రయాణికుల విమానాలు దేవనహళ్ళికి మారిపోయాయి గానీ, ఇక్కడ హెచ్‌ఏఎల్ వాళ్ళ పరీక్షా విమానాలు ఎగురుతూనే ఉంటాయి. 2001 జనవరి 4న మన దేశపు యుద్ధవిమానం తేజస్ మొదటిసారి గాల్లోకి లేచింది ఈ రన్‌వే మీంచే. మేం ఓ శుక్రవారం వెళ్ళినప్పుడు ఒకటి లేచింది. చప్పుడు చెవికంటే ముందు రొమ్ములో తెలిసింది. చిన్నది రెండు చెవులూ మూసుకుని పకపకా నవ్వింది. మావాడు పైకి చూశాడు, మళ్ళీ ఎదురుగా ఉన్న విమానం తోక కిందికి వంగి గొట్టంలోకి చూశాడు. "ఇందులోంచేనా ఆ చప్పుడు?" ఆదివారం వెళ్ళిన రోజు ఆకాశంలో గద్దలు తప్ప ఏమీ లేవు.

బాబుకి రాకెట్ల పిచ్చి ఉంటే హీట్ షీల్డ్ దగ్గర ఆపండి. రాకెట్ కొసన ఉపగ్రహాన్ని దాచిపెట్టే టోపీ అది. గాలి పొర దాటాక రెండుగా విడిపోయి సముద్రంలో పడిపోతుంది. మా అత్తగారిది నాయుడుపేట, శ్రీహరికోటలో రాకెట్ లేస్తే డాబా మీంచి చూస్తారు. ఇంటికొచ్చీ రాగానే మావాడు నానమ్మకి ఫోన్ చేసి "ఆ టోపీ మీ దగ్గర పడిందా?" అని అడిగాడు.

రెండు గంటలు చాలు. టోపీలు, నీళ్ళ సీసాలు మర్చిపోకండి. సిమ్యులేటర్ (విమానం నడుపుతున్నట్టే అనిపించే యంత్రం) మాట ముందే ఎత్తకండి, ఎత్తారంటే అది తప్ప ఇంకేదీ చూడనివ్వరు. సెలవు రోజులు మాత్రం కనుక్కుని బయల్దేరండి. ఆకలేస్తే మారతహళ్ళి బ్రిడ్జి వైపు వచ్చేయండి, అక్కడ ఆంధ్రా మెస్సులకి కొదవ లేదు. పాపకి పప్పన్నం, నెయ్యి దొరుకుతాయి.