కట్టెల పొయ్యిలో మంట కింద గ్రానైట్ పలక పరచవచ్చా?

పెరట్లో కట్టెల పొయ్యి కట్టిస్తున్నామని, ఇల్లు కట్టగా మిగిలిన గ్రానైట్ పలకను మంట కింద పరుద్దామంటే మేస్త్రీ వద్దంటున్నాడని, శిలాద్రవం గడ్డకట్టి పుట్టిన రాయికి కట్టెల సెగ ఒక లెక్కా అని మీరు అడిగారు. మేస్త్రీ మాటే సరైనది.

గ్రానైట్ అంతా ఒకే పదార్థం కాదు. క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం గింజలు సందు లేకుండా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. వేడికి క్వార్ట్జ్ పెరిగినంతగా ఫెల్డ్‌స్పార్ పెరగదు. పైగా ఒక్కో క్వార్ట్జ్ గింజ కూడా అన్ని దిక్కులకూ సమానంగా పెరగదు. భూగర్భంలో ఆ రాయి గొప్ప ఒత్తిడి కింద ఎంతో నెమ్మదిగా చల్లారింది కాబట్టి నిలిచింది. పొయ్యిలో ఆ ఒత్తిడీ లేదు, ఆ నిదానమూ లేదు. అందువల్ల గింజలు ఒకదాన్నొకటి నెట్టుకుని వాటి అంచుల వెంట కంటికి కనిపించని పగుళ్లు పడతాయి. 573 డిగ్రీల సెల్సియస్ దగ్గర క్వార్ట్జ్ స్ఫటిక నిర్మాణమే మారి గింజ ఉబ్బుతుంది. ఎర్రగా కణకణలాడే నిప్పులకు ఆ వేడి అందనిదేమీ కాదు.

అదే వేడి మళ్లీ తగిలితే కొత్త పగుళ్లు తక్కువగానే పడతాయి, అంతకు మించిన వేడి తగిలిన రోజున మాత్రం ఒక్కసారిగా పెరుగుతాయి. అయితే ఏ పొయ్యిలోనూ రోజూ ఒకే మంట ఉండదు. చల్లారిన గింజలు పూర్వపు చోట సరిగ్గా కూర్చోవు, ఆ సందుల్లో తేమ చేరుతుంది, మర్నాటి మంట అక్కడి నుంచే పని మొదలుపెడుతుంది.

మా పెద్దనాన్నగారి ఇంట్లో శుభకార్యాలకు వాడే గాడిపొయ్యి అంచున గ్రానైట్ రాళ్లే ఉండేవి. ఏళ్ల తరబడి సెగ తగిలిన వైపు ఎర్రబారి, బొటనవేలితో రుద్దితే ముతక ఇసుకలా రాలేది. సుత్తితో తట్టితే కొత్త రాయి ఖంగుమనేది, ఆ రాళ్లు మొద్దుగా పలికేవి. మా ఊరి బండ మీద రాళ్లు కొట్టే వడ్డెరలు ఈ గుణాన్నే పనికి వాడుకునేవారు: రాయిలో వేడి లోపలికి త్వరగా దిగదు కాబట్టి, మంట వేస్తే పై పొర మాత్రమే సాగి అడుగు నుంచి విడిపోతుంది. ఎంతవరకు విడిందో సుత్తి చప్పుడును బట్టి చెప్పి, మంటను అంతమేరకు ముందుకు జరిపేవారు.

కడప బండ వేయాలన్న ఆలోచన కూడా వద్దు. అది సున్నపురాయి, అందులోని కాల్సైట్ వేడికి ఒక దిక్కున సాగి మరో దిక్కున కుంచించుకుంటుంది. తడి పీల్చిన ఏటి రాళ్లయితే లోపలి నీరు ఆవిరై పేలిపోయే ప్రమాదం ఉంది.

మంట తగిలే చోట ఫైర్ బ్రిక్ (సెగకు తట్టుకునే ఇటుక), దాని అతుకులకు ఫైర్ క్లే (సెగకు తట్టుకునే బంకమట్టి) వాడించండి. గ్రానైట్ పలకను గిన్నెలు దించుకునే వెలుపలి గట్టుకు వేయించండి. ఇటుకకూ పలకకూ మధ్య వేలెడు సందు వదిలి పొడి ఇసుకతో నింపిస్తే చాలు. నిప్పు మీద నీళ్లు గుమ్మరించి ఆర్పే అలవాటుంటే మానండి, ఫైర్ బ్రిక్ కూడా దానికి ఎక్కువ కాలం తట్టుకోలేదు.