పెంకు పురుగుల వెంట పడినవారు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

గోదావరి డెల్టా పాఠకులు పెంకు పురుగుల (ముందు రెక్కలు గట్టి పెంకుల్లా ఉండే కీటకాల) గురించి పంపిన ప్రశ్నలలో, వాటిని అధ్యయనం చేసే మనుషులకు సంబంధించినవి ఈ సంచికకు ఎంచుకున్నాము.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా పెరట్లోనూ, కాలువ గట్ల మీదా కనిపించే పెంకు పురుగులను గమనించి, ఫొటోలు తీసి, నోటు పుస్తకంలో రాసుకుంటూ ఉంటాను. ఇంట్లోవాళ్లు "ఈ వయసులో పురుగుల పిచ్చి ఏమిటి?" అంటున్నారు. శాస్త్రవేత్తలు కానివారు ఈ విద్యకు నిజంగా ఏమైనా చేశారా?
– ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: చాలానే చేశారు. ఆ మాటకొస్తే, పెంకు పురుగుల శాస్త్రానికి పునాది వేసినవారిలో ఎందరికో అది జీతం వచ్చే పని కానే కాదు. ఇంతవరకు పేరు పెట్టి వర్ణించిన పెంకు పురుగుల జాతులు సుమారు 4 లక్షలు. అంటే మనిషి లెక్కకు ఎక్కిన జంతుజాతులన్నిటిలో దాదాపు నాలుగో వంతు. ఇంత పెద్ద సమూహాన్ని మ్యూజియంలలోని కొద్దిమంది ఉద్యోగులే పరిశీలించడం ఏ కాలంలోనూ సాధ్యపడలేదు. అందుకే ఈ రంగం చరిత్రలో సైనికులు, వైద్యులు, మతగురువులు, దుకాణాలలో పని నేర్చుకునే కుర్రవాళ్లు ఆచార్యుల పక్కనే కనిపిస్తారు.

వీరిలో అందరికంటే వింతైనవాడు నెపోలియన్ సేనాని దెజాన్. 1809లో స్పెయిన్‌లోని అల్కానిజ్ వద్ద యుద్ధానికి సిద్ధమై నిలిచిన సమయంలో ఒక పువ్వు మీద అరుదైన పురుగును చూసి, గుర్రం దిగి పట్టుకుని, శిరస్త్రాణం లోపల ఇందుకోసమే అతికించుకున్న బెండు ముక్కకు దానిని గుచ్చి, ఆ తరువాతనే దాడికి ఆజ్ఞ ఇచ్చాడని చెబుతారు. శిరస్త్రాణం దెబ్బతిన్నా పురుగు మాత్రం చెక్కుచెదరలేదట. కథలో కొంత అతిశయం ఉండవచ్చు గాని, ఆయన సంగ్రహంలో 22,000కు పైగా జాతులు చేరాయన్నది అతిశయం కాదు.

నాకు అంతకంటే విలువైనదిగా తోచేది హెన్రీ వాల్టర్ బేట్స్ జీవితం. ఇంగ్లండులోని లెస్టర్ పట్టణంలో మేజోళ్ల వ్యాపారి దగ్గర పని నేర్చుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఊరి చుట్టుపక్కల పురుగులను వెతికిన బేట్స్, 1843లో, ఇంకా ఇరవై ఏళ్లయినా నిండకముందే, చెమ్మ నేలల్లో ఉండే పెంకు పురుగుల మీద తన తొలి వ్యాసం ప్రచురించాడు. అదే ఊళ్లో బడిపంతులుగా ఉన్న ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్‌కు పెంకు పురుగుల పిచ్చి అంటించినవాడు ఈయనే. ఇద్దరూ కలిసి 1848లో అమెజాన్ అడవులకు వెళ్లారు. బేట్స్ అక్కడ 11 ఏళ్లు ఉండి సేకరించిన 14,000కు పైగా జాతులలో సుమారు 8,000 అప్పటికి శాస్త్రానికి కొత్తవి. వాలెస్ తరువాత మలయ ద్వీపాలలో తిరిగి తెచ్చిన నమూనాలలో పెంకు పురుగులే 83,000 దాకా ఉన్నాయి. ఆ తిరుగుళ్ల మధ్యనే ఆయన ప్రకృతి వరణ సిద్ధాంతాన్ని డార్విన్‌తో సంబంధం లేకుండా స్వయంగా ఊహించి, 1858లో రాసి పంపాడు. రెండు చేతులలో రెండు పురుగులుండగా మూడోది కనిపిస్తే ఒకదానిని నోట్లో పెట్టుకుని నాలుక మండించుకున్న డార్విన్ కథ చాలామందికి తెలిసిందే కనుక దానిని ఇక్కడ వదిలేస్తున్నాను.

మన దేశం సంగతికి వస్తే, బ్రిటిష్ ఇండియా జంతుజాలాన్ని వర్ణించిన గ్రంథమాలలో పెంకు పురుగుల పరిచయ సంపుటాన్ని 1912లో రాసిన విలియం వీక్స్ ఫౌలర్ క్రైస్తవ మతగురువు. పొట్టి రెక్కల పెంకు పురుగుల కుటుంబం మీద 1930లలో వచ్చిన సంపుటాలను రాసిన మాల్కం కామెరాన్ నౌకాదళంలో వైద్యుడు. ఆకు పెంకు పురుగులను వర్ణించిన సమరేంద్ర మౌలిక్ మాత్రం ఆ విద్యనే వృత్తిగా చేసుకున్న భారతీయుడు. ఆయన తొలి సంపుటం 1919లో వచ్చింది. వరిలో తాటాకు తెగులు కలిగించే హిస్పా పురుగు చేరిన వర్గం అందులో ఉంది.

కామెరాన్ ఎంచుకున్న కుటుంబం మీకూ పరిచయమే అయి ఉంటుంది. వానాకాలం రాత్రుళ్లు దీపం దగ్గరకు వచ్చే, చీమలా సన్నగా ఎరుపు, నలుపు రంగుల్లో ఉండే పురుగు పొరపాటున మెడ మీద నలిగితే మరునాటికి మంటతో బొబ్బలు లేస్తాయి. ఆ విషాన్ని తయారుచేసేది నిజానికి పురుగు కాదు, దాని శరీరంలో కాపురముండే బ్యాక్టీరియా. ఆ పురుగే పగటిపూట వరి చేలో సుడిదోమను వేటాడి తింటుంది. ఒక్క కుటుంబాన్ని పట్టుకుని ఏళ్ల తరబడి వదలకపోతే తప్ప ఇటువంటి సంగతులు ఒక దారికి రావు.

ఇక మీ నోటు పుస్తకం. అందులో ప్రతి పురుగుకూ ఊరి పేరు, తేదీ, అది కనిపించిన మొక్క లేదా చోటు ఉన్నాయా? ఉంటే మీరు చేస్తున్నది శాస్త్రమే. అవి లేకపోతే ఎంత అందమైన ఫొటో అయినా పరిశోధకుడికి పెద్దగా పనికిరాదు. బేట్స్ నుంచి నేటివరకు వృత్తి నిపుణుడినీ, ఔత్సాహికుడినీ ఒక్క వరుసలో నిలబెట్టింది ఊరు, తేదీ, చోటు రాసిన ఈ చిన్న చీటీయే. ఇంకొక సూచన: అన్నిటినీ చూడాలనుకోకుండా ఒక వర్గాన్ని ఎంచుకోండి. కాలువ గట్లు, ఇసుక మేటలు మీకు దగ్గర గనుక, ఎండలో నేల మీద పరుగెత్తి చటుక్కున ఎగిరి మళ్లీ వాలే పులి పెంకు పురుగులు మంచి ఆరంభం. వాటిలో చాలా జాతులకు నచ్చే నేల వేరు: ఒకటి తడి ఇసుకను కోరుకుంటే మరొకటి బురదను, ఇంకొకటి చెట్ల నీడనున్న బాటను కోరుకుంటుంది.

ప్రశ్న: లేత కొబ్బరి చెట్ల మొవ్వును కొమ్ము పురుగు తొలిచి నాశనం చేస్తోంది. ఇనుప చువ్వతో గుచ్చి తీయడం తప్ప మాకు వేరే దారి కనిపించడం లేదు. పురుగులకు పేర్లు పెడుతూ, పెట్టెల్లో దాచుకుంటూ కూర్చునేవారి వల్ల రైతుకు ఒరిగేదేమిటి?
– ఒక కొబ్బరి రైతు, పి. గన్నవరం

జవాబు: మీ కోపం న్యాయమైనదే, కాని ఆ పేర్లు పెట్టేవారికి మీ తోట కూడా బాకీ ఉంది. కొమ్ము పురుగును 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ వర్ణించాడు. భారత దేశంలోని దాని బంధువర్గాన్నంతటినీ ఇంగ్లండు కీటక శాస్త్రజ్ఞుడు గిల్బర్ట్ ఆరో 1910లో ఒక సంపుటంలో క్రమపరిచాడు. అప్పటికే ఆ పురుగు ఓడలెక్కింది. 1909లో శ్రీలంక నుంచి రబ్బరు మొక్కలతో పాటు పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా ద్వీపాలకు చేరి, అక్కడ దానిని అదుపుచేసే సహజ శత్రువులు లేకపోవడంతో కొబ్బరి తోటలను చావుదెబ్బ కొట్టి, ఒక ద్వీపం నుంచి మరొక ద్వీపానికి పాకింది.

దానికి జబ్బు చేసే సూక్ష్మజీవి ఏదైనా దాని సొంత ప్రాంతంలోనే ఉండి ఉండాలన్న నమ్మకంతో జర్మనీ శాస్త్రజ్ఞుడు అలోయిస్ హ్యూగర్ 1963లో మలేషియా వెళ్లి, చచ్చిపడిన, నీరసించిన గొంగళ్లను (గుడ్డు నుంచి వచ్చిన పిల్ల పురుగులను) పరీక్షించి ఒక వైరస్‌ను కనిపెట్టాడు. 1967లో దానిని సమోవాలో విడుదల చేశారు. ఈ వైరస్ సోకిన పెద్ద పురుగు వెంటనే చావదు. తిండి తగ్గి, గుడ్లు తగ్గి, తాను వెళ్లిన ప్రతి పెంటకుప్పకూ, కూడిన ప్రతి జంటకూ జబ్బును అంటిస్తూ తిరుగుతుంది. శత్రువును శత్రువు చేతనే మోయించే ఈ ఉపాయం పసిఫిక్ ద్వీపాలలో ఏళ్ల తరబడి పనిచేసింది.

పేర్లు, తేడాలు అంటూ పట్టుపట్టేవారి అవసరం ఆ తరువాత మరింత తెలిసివచ్చింది. 2007లో పసిఫిక్‌లోని గువామ్ ద్వీపానికి చేరిన కొమ్ము పురుగు మీద ఈ వైరస్ పారలేదు. చూపుకు అదే పురుగు, కాని దాని జన్యువులను పోల్చి చూసినప్పుడు అది పాతవాటికి భిన్నమైన తెగ అని 2017 నాటికి తేలింది. పాత సంగ్రహాలు, వాటి మీద ఊరూ తేదీ రాసిన చీటీలు లేకపోతే ఏ తెగ ఎక్కడిదో, ఎప్పుడు ఎటు కదిలిందో పోల్చుకునే ఆధారమే ఉండదు.

గొంగళ్ల మీద ఆకుపచ్చగా పెరిగే మెటరైజియం బూజు కథ ఇంకా పాతది. తరువాతి కాలంలో నోబెల్ బహుమతి పొందిన మెచ్నికోఫ్ 1879లో ఒడెస్సా ప్రాంతపు గోధుమ పొలాలలోని ఒక పెంకు పురుగు గొంగళ్ల మీద దీనిని గుర్తించి, పురుగుల నివారణకు వాడుకోవచ్చని సూచించాడు. మగ కొమ్ము పురుగు విడిచే, ఆడ మగ రెండింటినీ ఆకర్షించే వాసన రసాయనాన్ని 1990లలో గుర్తించారు. బకెట్టు ఎరలలో పెడుతున్నది దానినే.

మీ తోట వరకు చెప్పవలసినది క్లుప్తమే. చెట్టు మీద పురుగును పట్టడం కంటే పుట్టేచోట పట్టడం తేలిక. గొంగళి పెరిగేది చెట్టులో కాదు. పెంటకుప్పలోనూ, కుళ్లిన కొబ్బరి మొద్దులోనూ. పడిపోయిన మొద్దులను తోటలో ఉంచకండి, ఎరువు గుంతను తిరగవేసి గొంగళ్లను ఏరించండి, మెటరైజియం కలిపే పద్ధతి గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానాన్ని అడగండి. చువ్వను మాత్రం అప్పుడే మూలన పెట్టకండి.

ప్రశ్న: దేవుడికి పెంకు పురుగులంటే మితిమీరిన ప్రేమ అని చెప్పిన శాస్త్రవేత్తకూ మా కాకినాడకూ సంబంధం ఉందని విన్నాను. నిజమేనా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: నిజమే. ఆయన జె. బి. ఎస్. హాల్డేన్. 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చి, భారత పౌరసత్వం తీసుకుని, 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో మరణించారు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని వైద్య విద్యార్థుల కోసం మీ ఊరి రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

మతపండితులు ప్రశ్నించగా ఆయన అలా బదులిచ్చారన్న కథ బాగా ప్రచారంలో ఉంది. అచ్చులో మాత్రం 1949 నాటి ఆయన రచన ఒకదానిలో, సృష్టికర్త ఉంటే ఆయనకు నక్షత్రాల మీద, పెంకు పురుగుల మీద అమితమైన మోజు ఉండాలన్న అర్థంలో కనిపిస్తుంది. పెంకు పురుగులు దాదాపు 3 లక్షల జాతులని ఆయన అక్కడ రాశారు. హాల్డేన్ పురుగుల నిపుణుడు కాదు, జన్యుశాస్త్రజ్ఞుడు. అయినా ఖరీదైన పరికరాలు లేకుండా కళ్లతో, నోటు పుస్తకంతో చేయగల జీవశాస్త్రం భారతదేశంలో ఎంతో ఉందని ఆయన నమ్మి, తన దగ్గర పనిచేసినవారిని అటు నడిపించారు. కొబ్బరి చెట్టు ఆకులు కొన్నింటిలో ఎడమకూ కొన్నింటిలో కుడికీ తిరిగి ఉండడాన్ని చెట్టు తరువాత చెట్టు లెక్కించిన టి. ఏ. డేవిస్ ఆ బృందంలోనివారే. కోనసీమ పిల్లలకు అంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తోచడం లేదు.

ఆ 3 లక్షల లెక్కను ఆ తరువాత కుదిపినవాడు అమెరికా కీటక శాస్త్రజ్ఞుడు టెర్రీ ఎర్విన్. పనామా అడవిలో ఒకే జాతికి చెందిన 19 చెట్ల కొమ్మలలోకి పురుగుమందు పొగ పట్టించి, రాలినవాటిని ఏరి చూస్తే పెంకు పురుగులే దాదాపు 1,200 జాతులు తేలాయి. దాని ఆధారంగా ఉష్ణమండలంలో కీటకాదులు 3 కోట్ల జాతులు ఉండవచ్చని 1982లో ఆయన వేసిన అంచనాను తరువాతివారు బాగా తగ్గించారు గాని, చెట్ల కొనల్లో ఏముందో ఎవరూ చూడలేదన్న ఆయన మాటను ఎవరూ కాదనలేదు.

ప్రశ్న: మా బడి పిల్లలు ఆరుద్ర పురుగు, మిణుగురు, అక్షింతల పురుగు మూడింటినీ తెచ్చి ఏవి పెంకు పురుగులని అడుగుతున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, నరసాపురం

జవాబు: తరువాతి రెండూ పెంకు పురుగులే, మిణుగురు కూడా అన్నది చాలామందికి ఆశ్చర్యం. ఆరుద్ర పురుగు కీటకమే కాదు, దానికి ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడు వర్గానికి చెందినది. పిల్లల చేత కాళ్లు లెక్కపెట్టించండి. అక్షింతల పురుగుల మీద ఆసక్తి కలిగితే, మన ఉపఖండపు జాతుల జాబితాను 2002లో ప్రచురించిన డాక్టర్ జె. పూరణి కృషి గురించి వారికి చెప్పవచ్చు.

ప్రశ్న: కోరంగి మడ అడవుల్లో పురుగులను సేకరించి నిపుణులకు పంపాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, తాళ్లరేవు

జవాబు: కోరంగి అభయారణ్యం. అక్కడ పురుగును కూడా అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా పట్టకూడదు. 2008లో డార్జిలింగ్ ప్రాంతంలోని సింగాలీలా జాతీయ వనం దగ్గర అనుమతి లేకుండా కీటకాలు సేకరించిన ఇద్దరు చెక్ దేశస్థులు, అందులో ఒకరు పేరున్న శాస్త్రజ్ఞుడై ఉండి కూడా, అరెస్టయి కోర్టులో దోషులుగా తేలారు. విదేశీ నిపుణులకు నమూనాలు పంపడానికి 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం మరొక అనుమతి కావాలి. కాబట్టి అభయారణ్యంలో కెమెరాతోనూ, మీ సొంత పొలంలో సీసాతోనూ పని మొదలుపెట్టడం మేలు.

సొంత పొలంలో దొరికినదానిని దాచాలంటే సూదిని కుడి పెంకు మీదుగా గుచ్చి, కింద చీటీ తగిలించి, బాగా ఆరబెట్టి, గాలి చొరని పెట్టెలో పెట్టండి. మన డెల్టా చెమ్మకు బూజు పట్టడం ఒక బెడద. ఎండిన నమూనాలను తిని పొడిచేసేవి కూడా ఒక రకం పెంకు పురుగులే కావడం మరొక బెడద. కలరా ఉండలు వేసి, అప్పుడప్పుడు పెట్టె తెరిచి చూసుకోవాలి. గుర్తింపు కోసం దగ్గరి వ్యవసాయ కళాశాల కీటక శాస్త్ర విభాగాన్ని, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థను, కలకత్తాలోని భారత జంతుశాస్త్ర సర్వేక్షణను సంప్రదించవచ్చు. చాలా పెంకు పురుగులలో జాతి తేడా పైకి కనిపించదు, మగ పురుగు జననాంగాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తేనే తేలుతుంది. అందువల్ల మీరు పంపిన ఫొటోకు "ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకే చెప్పగలం" అన్న జవాబు వస్తే అది నిపుణుడి నిర్లక్ష్యమని అనుకోకండి; అదే చోట దొరికిన మగ పురుగును, చీటీతో సహా, మరుసారి పంపండి.