గీత చదునైన చోట పరమాణువు ఏం చేస్తోంది?

తమ్ముడికి,

స్ఫటికాల్లో పరమాణువుల కంపనాల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ "డిస్పర్షన్ సంబంధం అంటే ఒమేగాకీ, కే కీ మధ్య గ్రాఫ్" అని రాసి, కింద సైన్ ఫార్ములా పెట్టి, వెంటనే సెమీకండక్టర్లలోకి వెళ్లిపోయావు. అక్కడే నాకు కోపం వచ్చింది. ఒమేగా పౌనఃపున్యం, కే తరంగం ఎంత పొట్టిదో చెప్పే సంఖ్య, సరే. కానీ ఆ గ్రాఫ్‌లో పరమాణువులేవి?

ఎమ్మెస్సీ వైవాలో నేనూ ఇదే గ్రాఫ్ బోర్డు మీద గీశాను. గీత చివర చదునుగా మారే చోట ఎగ్జామినర్ వేలు పెట్టి, "ఇక్కడ పరమాణువు ఏం చేస్తోంది?" అన్నారు. ఫార్ములా అప్పజెప్పాను. మళ్లీ అదే అడిగారు. నోరు పెగల్లేదు.

ఆ రాత్రి హాస్టల్లో నోట్‌బుక్‌లో పరమాణువులనుకుని వరసగా పన్నెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య బంధాల్ని స్ప్రింగులనుకుని, ఒక్కోటీ ఎటు కదులుతోందో బాణం గీస్తూ కూర్చున్నాను. తరంగం బాగా పొడవుగా ఉంటే పక్కపక్క బాణాలు దాదాపు ఒకేలా వచ్చాయి. ఇరుగుపొరుగు కలిసే కదులుతున్నాయి, మధ్యలో స్ప్రింగు పెద్దగా సాగట్లేదు, అందుకే పౌనఃపున్యం తక్కువ. అక్కడ గీత వాలే ధ్వని వేగం. అల్యూమినియంలో అది సెకనుకు 6 కిలోమీటర్ల పైమాటే. తరంగదైర్ఘ్యం తగ్గుతూ తగ్గుతూ పరమాణువుల మధ్య దూరానికి రెట్టింపు దగ్గరికి వచ్చేసరికి ఒక బాణం కుడికి, పక్కది ఎడమకి! ఒక స్ప్రింగు నలుగుతుంటే పక్కది సాగుతోంది. పౌనఃపున్యం గరిష్ఠం, కానీ ఉన్నచోటే ఊగులాట. శక్తి ఒక్క అడుగు ముందుకెయ్యదు. వాలు సున్నా అంటే అదీ. ఇంకా చిన్న తరంగం గీద్దామంటే బాణాలు మళ్లీ పాతవే వచ్చాయి, చుక్కల మధ్య కదలడానికి ఏమీ లేదు కదా. బ్రిల్లోయిన్ జోన్, అంటే కొత్త కదలికలనిచ్చే కే విలువల హద్దు, నాకు ఆ పేజీలోనే అర్థమైంది.

నా మొదటి వ్యాసంలో ఒక ఎడిటర్ ఆ చుక్కల బొమ్మలన్నీ తీసేసి ఫార్ములా ఉంచాడు. బొమ్మలుంటే పిల్లల పాఠంలా ఉంటుందట. ఇప్పటికీ మింగుడుపడదు.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే అనుకోకు. 1950లలో కెనడాలోని చాక్ రివర్‌లో బ్రాక్‌హౌస్ అనే భౌతిక శాస్త్రవేత్త స్ఫటికాల్లోకి న్యూట్రాన్లు పంపి, అవి ఎంత శక్తి పోగొట్టుకున్నాయో, ఎటు తిరిగాయో చూసి ఒమేగా, కే రెండూ కొలిచాడు. దానికే 1994లో నోబెల్ వచ్చింది.

ఏ పత్రికకి పంపాలనేది తర్వాత చూద్దాం. ముందు నీ వ్యాసంలో ఉప్పు గురించిన పేరా మళ్లీ రాయి. సోడియం ఒకవైపు, క్లోరిన్ ఇంకోవైపు కదిలే బాణాలతో మొదలుపెట్టు. ఇలా ఎదురెదురుగా ఊగే కదలికల గీతకి ఆప్టికల్ బ్రాంచ్ అన్న పేరు ఆ తర్వాతే రావాలి.

ఆశీస్సులతో,
అన్నయ్య