ముందు రైలు చూసుకో, తరువాత సీటు కొను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అక్కయ్యను, బావగారిని ఓరకిల్ పార్కు మైదానానికి తీసుకెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు బేస్‌బాల్ ఆట చూపించాలనుకుంటున్నావని, ఏ సీట్లు కొనాలో, కారులో వెళ్ళాలో రైల్లో వెళ్ళాలో తేల్చుకోలేకపోతున్నావని రాశావు. చదివి చాలా సంతోషించాను. అయితే నీ ఉత్తరం చూస్తే ముందు టికెట్లు కొనేసి ప్రయాణం సంగతి తరువాత ఆలోచిద్దామన్నట్టుంది. ఆ వరుసను తిరగెయ్యమని నా మాట. ఏ రోజున, ఏ రైల్లో వెళ్ళి ఏ రైల్లో తిరిగి రాగలరో మొదట తేల్చుకుంటే, ఎక్కడ కూర్చోవాలన్నది చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. డెబ్బయ్యో పడికి దగ్గరపడిన వాళ్ళకు ఆట జరిగే మూడు గంటలు ఒక్కటే లెక్క కాదు. సన్నీవేల్‌లో ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి మళ్ళీ గుమ్మం ఎక్కేదాకా పట్టే ఆరేడు గంటలూ లెక్కే.

రోజు ఎంచుకోవడం దగ్గర మొదలుపెడదాం. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా సాగే సీజనులో ఒక్కో జట్టు 162 ఆటలు ఆడితే, అందులో 81 సొంత మైదానంలోనే జరుగుతాయి కాబట్టి తొందరపడవలసిన అవసరమేమీ లేదు. వారం మధ్యలో ఆటలు ఎక్కువగా రాత్రిపూట, సాయంత్రం 6:45 ప్రాంతంలో మొదలవుతాయి. శని, ఆదివారాల్లో మధ్యాహ్నం ఒంటిగంటకు మొదలయ్యేవి బాగానే దొరుకుతాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు మధ్యాహ్నపు ఆటే మేలు. సన్నీవేల్‌లో చొక్కా తడిసేంత ఎండ కాస్తున్న జులై సాయంత్రం కూడా, ఆ మైదానంలో పొద్దు వాలేసరికి సముద్రం మీద నుంచి పొగమంచుతో పాటు వచ్చే గాలి ఎముకలు కొరుకుతుంది. జెయింట్స్ 1960 నుంచి 1999 దాకా ఆడిన క్యాండిల్‌స్టిక్ పార్కు చలిగాలికి పేరుమోసింది. 2000లో తెరిచిన ఈ కొత్త మైదానాన్ని గాలి తాకిడి తగ్గేలా ఆలోచించి కట్టారు గానీ, ఊరి వాతావరణాన్ని ఎవరూ మార్చలేరు కదా. శాన్‌ఫ్రాన్సిస్కోలో నిజమైన వేసవి సెప్టెంబరులోనే వస్తుంది. అప్పటిదాకా అక్కయ్యవాళ్ళు ఇక్కడే ఉంటారు కాబట్టి సెప్టెంబరులో ఒక శనివారం చూసుకో. మధ్యాహ్నపు ఆట అయినా సరే, మనిషికొక స్వెటరు, అమ్మకు ఒక శాలువా, నాన్నకు చెవులు కప్పే టోపీ తప్పకుండా పట్టుకెళ్ళు. ఇంకొక మాట: లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వచ్చే రోజులు మానుకో. రెండు జట్లూ 1958లో న్యూయార్క్ నుంచి కాలిఫోర్నియాకు తరలి వచ్చినవే, వాటి పోటీ అంతకన్నా పాతది. ఆ రోజుల్లో టికెట్ల ధరలూ ఎక్కువే, రైళ్ళలో తొక్కిడీ ఎక్కువే.

ఇక కారు ఆలోచన పూర్తిగా వదిలెయ్యి. 280 రహదారి ఆ మైదానం దగ్గరలోనే ముగుస్తుంది కనుక వచ్చిన కార్లన్నీ అక్కడే బారులు తీరుతాయి, పార్కింగుకు పెట్టే డబ్బుతో ఒక మంచి సీటే కొనవచ్చు. కాల్‌ట్రైన్ మీ ఊరి నడిబొడ్డున ఎక్కించుకుని, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాలుగో వీధి, కింగ్ వీధి కలిసే చోట ఉన్న చివరి స్టేషనులో దింపుతుంది. అక్కడి నుంచి మూడో వీధి మూల దాకా, అంటే ఒక్క పెద్ద బ్లాకు నడిస్తే జెయింట్స్ పాతతరం మేటి ఆటగాడు విల్లీ మేస్ విగ్రహమూ, దాని చుట్టూ ఆయన చొక్కా సంఖ్య గుర్తుగా నాటిన 24 తాటి జాతి చెట్లూ కనిపిస్తాయి. మైదానం ముఖద్వారం అదే. దారి చదునుగా ఉంటుంది కాబట్టి మోకాళ్ళ నొప్పి ఉన్న అక్కయ్య కూడా మెల్లగా నడిచి చేరుకోగలదు.

2024 సెప్టెంబరులో శాన్‌హోసే, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య రైళ్ళన్నీ కరెంటుతో నడిచేవి వచ్చాక ఈ ప్రయాణం చాలా సుఖపడింది. శని, ఆదివారాల్లో కూడా అరగంటకొక బండి ఉంటుంది. సన్నీవేల్ నుంచి సుమారు గంట పడుతుంది. బండి రెండంతస్తులది, పై అంతస్తు నుంచి ఊళ్ళు బాగా కనిపిస్తాయని నీకు అనిపించినా, మెట్లెక్కే పని పెట్టకుండా అమ్మానాన్నలను కింది అంతస్తులోనే కూర్చోబెట్టు. రైలు మొత్తానికి మరుగుదొడ్డి ఒక్కటే ఉంటుంది, ఆట రోజున దాని ముందు వరుస కూడా ఉంటుంది, కాబట్టి ఇంట్లోనే ఆ పని చూసుకుని బయలుదేరండి. ఆటకు గంట ముందు చేరే బండికి అందరూ ఎగబడతారు. దానికన్నా ముందు బండి ఎక్కితే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, మైదానం ద్వారాలు తెరిచే వేళకు అక్కడుంటారు.

టికెట్టు విషయంలో మాత్రం జాగ్రత్త. కాల్‌ట్రైన్ స్టేషన్లలో గేట్లుండవు. ఎక్కేముందే చార్జీ కట్టి ఉండాలి, దారిలో కండక్టరు వచ్చి అడిగితే చూపించాలి. ముందే డబ్బు వేసుకుని బస్సులకూ రైళ్ళకూ వాడే క్లిపర్ కార్డును ప్లాట్‌ఫారం మీద ఉన్న యంత్రానికి ఎక్కేముందు ఒకసారి, దిగాక మరొకసారి తాకించాలి. దిగాక తాకించడం మరచిపోతే, నువ్వు లైను చివరి దాకా వెళ్ళావని లెక్కగట్టి గరిష్ఠ చార్జీ కోసుకుంటారు. ఆట రోజున నాలుగో వీధి స్టేషనులో జనం ఒక్కసారిగా ముందుకు తోసుకుపోతుంటే ఆ యంత్రం కంటపడకుండానే దాటిపోయే ప్రమాదం ఉంది. అందుకని దిగగానే అమ్మానాన్నలను ఒక పక్కన నిలబెట్టి, ముగ్గురి కార్డులూ నువ్వే తాకించు. ఒక్క కార్డు మీద ముగ్గురు ప్రయాణం చేయడానికి వీల్లేదు, మనిషికొకటి ఉండాలి. 65 ఏళ్ళు నిండినవారికి చార్జీ తగ్గించే సీనియర్ క్లిపర్ కార్డు వేరే ఉంది. దానికి వయసు రుజువు చూపించి దరఖాస్తు పెట్టాలి కాబట్టి వాళ్ళు వచ్చిన మొదటి వారంలోనే పాస్‌పోర్టులతో ఆ పని పూర్తి చెయ్యి. ఆట ఒక్కదానికే కాదు, వాళ్ళున్నన్నాళ్ళూ బస్సులకూ రైళ్ళకూ పనికొస్తుంది.

ఫ్రీమాంట్‌లో ఉన్న నీ స్నేహితుడి కుటుంబం కూడా వస్తుందన్నావు. వాళ్ళకు కాల్‌ట్రైన్ దారి కాదు. బార్ట్ అనే మెట్రో రైలు ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంబార్కడెరో స్టేషనులో దిగి, ముని అనే ఆ ఊరి రవాణా సంస్థ నడిపే ఎన్ జూడా బండి పట్టుకుంటే మైదానం పక్కనే రెండో వీధి స్టేషనులో దింపుతుంది. ఓపిక ఉన్నవాళ్ళు నీటి ఒడ్డున నడిచి కూడా రావచ్చు, అరగంట చాలు. రాత్రి పొద్దుపోయాక ఫ్రీమాంట్ వైపు నేరుగా వెళ్ళే బార్ట్ ఉండదు, మధ్యలో బండి మారాలి. ఈ కారణం చేత కూడా వాళ్ళకు మధ్యాహ్నపు ఆటే నయం. వాళ్ళ వైపే ఉన్న ఓక్‌లాండ్ బేస్‌బాల్ జట్టు 2024 సీజనుతో ఆ ఊరు వదిలి వెళ్ళిపోయింది కనుక, బార్ట్ స్టేషను నుంచి వంతెన దాటి నేరుగా ఆ జట్టు మైదానంలోకి నడిచే సౌకర్యం అఖాతానికి తూర్పు వైపు వాళ్ళకు ఇప్పుడు లేకుండా పోయింది. నాకు అది నిజంగా బాధగానే ఉంటుంది.

సీట్ల విషయంలో బావగారి క్రికెట్ అనుభవం కొంత దారి తప్పిస్తుంది. క్రికెట్లో బంతి నాలుగు వైపులా పోతుంది, కాబట్టి మైదానం చుట్టూ ఎక్కడ కూర్చున్నా ఏదో ఒక ఓవరులో మన ముందుకు వస్తుంది. బేస్‌బాల్‌లో అలా కాదు. హోమ్ ప్లేట్ అనే మూల నుంచి గీసిన రెండు గీతల మధ్య లంబకోణంలోనే ఆటంతా సాగుతుంది, ఆ గీతల బయట పడ్డ బంతిని ఫౌల్ అంటారు. హోమ్ ప్లేట్ వెనక నుంచి చూస్తే కుడి గీత మీద మొదటి బేస్, ఎడమ గీత మీద మూడో బేస్ ఉంటాయి. అందువల్ల ఆ మూల వెనక కూర్చుంటే బౌలరు లాంటి పిచర్ వేసే బంతి, బ్యాటరు కొట్టే దెబ్బ, బేసుల మీద పరుగెత్తేవారు అంతా ఒక్క చూపులో కనిపిస్తుంది. ఆట కొత్తవాళ్ళకు, దూరంగా అయినా సరే, ఎత్తులో హోమ్ ప్లేట్ వెనక ఉన్న సీటే అన్నిటికన్నా మంచిదని నా గట్టి నమ్మకం. కింది అంతస్తులో అదే చోట టికెట్టు కొనాలంటే జేబు ఖాళీ అవుతుంది. మూడో అంతస్తులో, అంటే 300 సంఖ్యలున్న చోట, చాలా తక్కువకు దొరుకుతుంది. పైగా అక్కడి నుంచి కుడి వైపు గోడ అవతల ఉన్న మెకోవీ కోవ్ అనే నీటి పాయ, అందులో బంతి కోసం కాచుకుని తిరిగే చిన్న పడవలు, ఆ వెనక అఖాతం అంతా కనిపిస్తాయి.

మూడో అంతస్తులో 310 నుంచి 316 దాకా ఉన్న సెక్షన్లు చూడు. సెక్షన్ ఎంత ముఖ్యమో వరుస అంతకన్నా ముఖ్యం. అక్కడ మెట్లు నిటారుగా ఉంటాయి, పై వరుసల నుంచి ఒకసారి దిగి మళ్ళీ ఎక్కాలంటే అక్కయ్యకు ప్రాణం మీదకొస్తుంది. కింది నుంచి మొదటి కొన్ని వరుసల్లో, మెట్ల దారి పక్కనే ఉండే సీట్లు తీసుకుంటే నడుమ కూర్చున్నవారి కాళ్ళు దాటుకుంటూ పోవలసిన అవస్థ కూడా తప్పుతుంది. మైదానంలో లిఫ్టులున్నాయి, ద్వారం దగ్గరి సిబ్బందిని అడిగితే చూపిస్తారు, అడగడానికి మొహమాటపడవద్దు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఆ మైదానంలో బ్యాటరు ఇంచుమించు తూర్పు ముఖంగా నిలబడతాడు. మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి సూర్యుడు మొదటి బేస్ వైపు కూర్చున్నవారి వెనకకు ముందుగా జారతాడు, కాబట్టి నీడ అటు ముందు వస్తుంది. మూడో బేస్ వైపు ఎండ చాలాసేపు ఉంటుంది. దూరాన ఉండే బ్లీచర్స్ సీట్లు చవకే గానీ పడమటి ఎండ సూటిగా కళ్ళలో కొడుతుంది. అక్కడి ఉత్సాహం కుర్రవాళ్ళకు బాగుంటుంది, పెద్దవాళ్ళకు వద్దు. కుడి వైపు 24 అడుగుల గోడ మీద ఉండే ఆర్కేడ్ సీట్లు నీకు నచ్చుతాయని తెలుసు, కానీ నీటి గాలి అక్కడ ఎక్కువ. నువ్వు స్నేహితులతో ఇంకోసారి వెళ్ళు. ఇంకో సంగతి: జెయింట్స్ ఆటగాళ్ళు కూర్చునే డగౌట్ మూడో బేస్ వైపు ఉంటుంది. వాళ్ళను చూడాలని అదే వైపు కొంటే వాళ్ళ డగౌట్ లోపల ఏం జరుగుతోందో కనబడదు. ఎదురుగా మొదటి బేస్ వైపు కూర్చుంటేనే కనిపిస్తుంది.

ఒకవేళ కింది అంతస్తులో మంచి ధర దొరికిందనుకో, బంతి తగలకుండా ప్రేక్షకుల ముందు కట్టే వల ఎక్కడి దాకా ఉందో చూసుకున్నాకే కొను. 2020 సీజను నుంచి అన్ని మేజర్ లీగ్ మైదానాల్లోనూ రక్షణ వలను డగౌట్లు దాటేలా పొడిగించారు. దాని అవతల మొదటి వరుసల్లో కూర్చున్నవారి మీదకు ఫౌల్ బంతి గంటకు 150 కిలోమీటర్ల వేగంతో కూడా రావచ్చు. ఫోను చూసుకుంటున్న మనిషి తల ఎత్తేలోపు అది వచ్చేస్తుంది. చంటిపిల్లలున్న నీ స్నేహితుడికి ఈ మాట తప్పకుండా చెప్పు.

తిండి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బయటి తిండి లోపలికి రానిస్తారు కాబట్టి పులిహోర డబ్బాలో పెట్టుకెళ్ళండి. మూత తీయని ప్లాస్టిక్ నీళ్ళ సీసా కూడా ఫరవాలేదు, గాజు సీసాలు పనికిరావు. సంచి ఎంత చిన్నదైతే అంత మంచిది. కొలతల నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మైదానం వారి వెబ్‌సైటులో ఒకసారి చూసుకో. లోపల నగదు తీసుకోరు, కార్డే వాడాలి. ఆట టికెట్లు ఫోనులోనే ఉంటాయి గనుక ఇంట్లోనే ముగ్గురివీ తెరిచి చూసుకుని, ఫోను నిండా ఛార్జి పెట్టుకో. అక్కడి వెల్లుల్లి ఫ్రైస్ మాత్రం ఒక పొట్లం కొని నాన్నకు రుచి చూపించు.

తిరుగు ప్రయాణమే అసలు పరీక్ష. 2023లో పిచర్ ఇంతలోపు బంతి వేయాలని గడియారం పెట్టాక ఆట సగటున రెండు గంటల నలభై నిమిషాల్లో ముగుస్తోంది, కాబట్టి ఒంటిగంటకు మొదలైతే నాలుగు లోపు అయిపోతుందని లెక్క వేసుకోవచ్చు. కాని బేస్‌బాల్‌లో డ్రా ఉండదు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సమానంగా ఉంటే తేలేదాకా ఆడతారు. అందుకని ఒక్క బండి మీద ఆశ పెట్టుకోకుండా, వరుసగా మూడు బండ్ల సమయాలు కాగితం మీద రాసుకో. ఆఖరి అవుట్ పడగానే నలభై వేల మంది ఒకేసారి మెట్ల వైపు కదులుతారు. ఆ తోపులాటలో పెద్దవాళ్ళను దింపవద్దు. సీట్లలోనే ఇరవై నిమిషాలు కూర్చోండి. మైదానం ఖాళీ అవుతుంటే తీరిగ్గా ఫొటోలు తీసుకోండి, మరుగుదొడ్ల దగ్గర వరుస కూడా అప్పటికి తగ్గుతుంది. మొదటి బండి కిక్కిరిసి పోనివ్వండి, తరువాతి దాంట్లో కూర్చుని రావచ్చు. ఒకవేళ ఏడో ఇన్నింగ్స్ సగం అయ్యేసరికే అక్కయ్య అలసిపోయినట్టు కనిపిస్తే, అందరూ లేచి పాట పాడే ఆ విరామం కాగానే బయలుదేరిపోండి, ఆట చివర చూడలేదని బాధపడకు.

శని, ఆదివారాల్లో పట్టాల పనులు పెట్టుకుని కొంత దూరం బస్సుల్లో పంపడం కూడా జరుగుతుంటుంది, కాబట్టి ముందు రోజు సాయంత్రం కాల్‌ట్రైన్ ప్రకటనలు చూసుకో. నువ్వు అనుకున్న తేదీ, సెక్షన్, వరుస డబ్బు కట్టేముందు నాకు పంపితే నేను కూడా ఒకసారి చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య