బందరులో ఒక్కరోజు

ప్రశ్న: సంక్రాంతికి విజయవాడ వస్తున్నాం. ఒకరోజు బందరు వెళ్తే బీచ్ తప్ప చూడ్డానికి ఏమైనా ఉందాండీ?

జవాబు: బందరు మనవరాలిని పట్టుకుని అడిగారు, ఇక వినండి! మంగినపూడి బీచ్‌కి పొద్దున్నే వెళ్లండి. అక్కడ నల్లమట్టి, తెల్ల ప్యాంటు వద్దు. తర్వాత బందరుకోట. డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కిన అక్షరాలు తీరిగ్గా చూడండి. 1611లో ఇంగ్లీషువాళ్లూ ఇక్కడే దిగారు, కలంకారీ బట్టల కోసం. 1864 ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. ఊరు మళ్లీ ఆ వైభోగం చూడలేదు.

నన్నడిగితే అసలు చూడాల్సింది దగ్గర్లోని పెడన, కలంకారీ అద్దకం చేసే ఊరు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద టేకు అచ్చు పెట్టి, పైన పిడికిలితో ఒక్క గుద్దు. ఆ నలుపు రంగు తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టింది. వాసన కాస్త ఓర్చుకోవాలి.

చిలకలపూడిలో పాండురంగడి దర్శనం, పక్కనే రోల్డుగోల్డు గాజులు. మీవారికి ముందే చెప్పండి, అక్కడ గంట పడుతుంది. బందరు లడ్డు మాత్రం బెల్లందే అడగండి.