చేతులకు క్రీమ్ రాస్తున్నా పగుళ్లు తగ్గడం లేదా?

ప్రశ్న: నా వయసు 43 ఏళ్లు. చలికాలం మొదలైతే చాలు, రెండు చేతులూ ఎండిపోయి గరుకుగా తయారవుతాయి. ఈసారి బొటనవేళ్ల చివర, వేళ్ల కణుపుల మీద పగుళ్లు వచ్చి నెత్తురు కూడా కనిపిస్తోంది. గిన్నెలు తోముతుంటే ఒకటే మంట. గుండీ పెట్టుకోవాలన్నా నొప్పే. ఫోన్ నా వేలిముద్రను పట్టడం మానేసింది. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి మాయిశ్చరైజర్ రాస్తూనే ఉన్నాను. తెలిసినవాళ్లు ఒక ట్యూబు ఇచ్చారు. అది రాసిన నాలుగు రోజులు హాయిగా ఉంది, ఆపగానే మళ్లీ మొదటికొచ్చింది. ఇదేమైనా జబ్బా? పూర్తిగా తగ్గే మార్గం ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇది చలి, నీళ్లు, సబ్బు కలిసి తెచ్చిన పొడిబారడమే అయ్యుండాలి. అయితే మీ ఉత్తరంలో రెండు విషయాలను వదిలేయలేను. ఒకటి, రోజుకు ఎన్నోసార్లు చేతులు తడుపుతూ మాయిశ్చరైజర్ మాత్రం రెండుసార్లే రాస్తున్నారు. రెండోది ఆ ట్యూబు. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

చర్మం పైపొరను ఇటుక గోడలా ఊహించుకోండి. చనిపోయిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, ఫ్యాటీ ఆమ్లాలు అనే కొవ్వు పదార్థాలు సిమెంటులా పట్టి ఉంటాయి. లోపలి తేమ బయటికి పోకుండా ఆపేది ఆ సిమెంటే. ముఖానికైతే పైనుంచి కాస్త నూనె కూడా తోడవుతుంది. అరచేతుల్లో నూనె గ్రంథులు అసలే లేవు. ముఖమంతా జిడ్డు కారేవాళ్లకు కూడా అరచేతుల్లో ఆ జిడ్డు పుట్టదు. అంటే చేతులకున్న కాపలా మొదటినుంచీ తక్కువే. చలిగాలిలో తేమ తక్కువ కాబట్టి అది చర్మంలోని నీటిని లాగేస్తుంది. అరచేతి తోలు మందం. తేమ ఉన్నంతసేపు సాగుతుంది, ఎండితే అట్టలా బిగుసుకుంటుంది. అప్పుడు వంగే చోట, ఒత్తిడి పడే చోట చిట్లుతుంది. పగుళ్లు సరిగ్గా కణుపుల మీదా, బొటనవేలి చివరా రావడానికి కారణమిదే.

చలి సగం పనే చేస్తుంది, మిగతా సగం సబ్బుది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్ల స్వభావంతో, పీహెచ్ (7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5కు అటూ ఇటుగా ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. కడిగిన ప్రతిసారీ ఆ సిమెంటు కొంత కరిగిపోతుంది. వేడినీళ్లు తోడైతే ఇంకాస్త ఎక్కువ పోతుంది. చలికి వేడినీళ్లు హాయిగా ఉంటాయని నాకూ తెలుసు. అయినా గోరువెచ్చని నీళ్లతో సరిపెట్టుకోండి.

ఇప్పుడు అసలు మాట. ఏ క్రీమ్ రాశారన్న దానికంటే ఎప్పుడు రాశారన్నది ముఖ్యం. చేతులు కడిగాక మెత్తని బట్టతో అద్దుకోండి, రుద్దకండి. కాస్త చెమ్మ మిగిలి ఉండగానే, మూడు నిమిషాల్లోపు క్రీమ్ రాయండి. క్రీమ్ ఆ చెమ్మను లోపలే పట్టి ఉంచుతుంది. పూర్తిగా ఎండిన చేతికి రాస్తే అంత ఫలితం ఉండదు. రోజుకు ఎనిమిదిసార్లు కడిగితే ఎనిమిదిసార్లూ రాయాల్సిందే. కష్టం అనిపిస్తుంది, కానీ ట్యూబు పడకగదిలో కాకుండా చేతులు కడిగే చోటే ఉంటే ఆ కష్టం సగం తగ్గుతుంది.

ఎంత రాయాలి? చూపుడువేలి చివరి గీత నుంచి కొస వరకు ట్యూబులోంచి ఒక వరస పిండితే సుమారు అర గ్రాము వస్తుంది. అది ఒక చేతికి, ముందూ వెనకా కలిపి సరిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లను ఒకసారి రాసి చూపించమంటాను. చాలామంది రెండు అరచేతులూ కలిపి రుద్దేసి అయిపోయిందంటారు. పగిలిన వేలికొసలకు, గోళ్ల పక్కలకు, కణుపులకు క్రీమ్ అందనే అందదు. మీరు తిరగేసి మొదలుపెట్టండి. ముందు గోళ్ల చుట్టూ, తర్వాత వేళ్ల మధ్య, చేతి వెనకభాగం, చివరికి అరచేయి.

ఉంగరం ఉంటే కడిగేటప్పుడు తీసేయండి. దాని కింద సబ్బునీళ్లు నిలిచిపోతాయి. చాలామందికి మొదటి ఎర్రమచ్చ ఉంగరం కిందే కనిపిస్తుంది.

పల్చటి లోషన్లలో నీళ్లెక్కువ, అవి ఇంత పగిలిన చేతులకు చాలవు. వాసన లేని చిక్కటి క్రీమ్‌గానీ ఆయింట్‌మెంట్‌గానీ వాడండి. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది, పెట్రోలియం జెల్లీ దాన్ని బయటికి పోనివ్వదు. యూరియా ఉన్న క్రీములు గట్టిపడిన తోలును మెత్తబరుస్తాయి, కానీ విచ్చిన పగులుకు తగిలితే భగ్గుమంటుంది. వాటిని పగుళ్లు పూడాక మొదలుపెట్టండి.

రాత్రి పడుకునే ముందు పెట్రోలియం జెల్లీ దట్టంగా పట్టించి, పల్చటి నూలు గ్లౌజులు తొడుక్కోండి. లోతైన పగుళ్లలోకి జెల్లీని వేలితో ఒత్తి, పైన టేపు అంటించండి. అంచులు అటూ ఇటూ లాగకుండా ఉంటే నొప్పి తగ్గుతుంది, గాయం తొందరగా కలుస్తుంది. లేచిన తోలును బ్లేడుతో కోయడం, పీకడం వద్దు. పగుళ్ల మీద యాంటిసెప్టిక్ ద్రావణాలు పోయకండి, ఉన్న మంటకు ఇంకో మంట చేరుతుంది.

గిన్నెలు తోమేటప్పుడు రబ్బరు గ్లౌజులు వేసుకోండి, లోపల నూలు గ్లౌజులుండాలి. ఒట్టి రబ్బరు కింద చెమట పట్టి చర్మం నానిపోతుంది. 20 నిమిషాలకు ఒకసారి తీసి ఆరనివ్వండి. లోపలికి నీళ్లు పోతే వెంటనే మార్చండి. సబ్బునీళ్లు గ్లౌజులో చిక్కుకుపోతే గ్లౌజులు లేకపోవడమే నయం.

ఇక ఆ ట్యూబు. నాలుగు రోజుల్లో మాయం చేసి, ఆపగానే తిరగబెట్టిందంటే అందులో స్టెరాయిడ్ (వాపు, ఎరుపు, దురదను అణిచే మందు) ఉండి ఉండొచ్చు. స్టెరాయిడ్ క్రీమ్ చెడ్డ మందు కాదు. చేతులకు ఎగ్జిమా (చర్మం ఎర్రబడి, దురద పెట్టే జబ్బు) ఉంటే మేమే రాసిస్తాం, బలం చూసి, ఎన్నాళ్లు వాడాలో చెప్పి రాసిస్తాం. ఎవరో ఇచ్చారని నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి ఇంకా సులువుగా చిట్లుతుంది. అంతకన్నా నాకు భయం వేసే సంగతి ఫంగస్. స్టెరాయిడ్ రాస్తే ఎరుపు, దురద తగ్గుతాయి, ఫంగస్ మాత్రం లోలోపల పాకుతూనే ఉంటుంది. చివరికి చూసిన డాక్టర్ కూడా గుర్తుపట్టలేనంతగా రూపు మారిపోతుంది. మీకు రెండు చేతులూ పగిలాయి కాబట్టి ఆ అనుమానం తక్కువే. ఒక చేయి మాత్రమే పొడిబారి, అరచేతి గీతల్లో తెల్లటి పొడిలా పొట్టు కనిపిస్తే, పాదాలు కూడా అలాగే ఉంటే, ఫంగస్ అవునో కాదో తేల్చుకోవాలి. కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద చూస్తే తెలుస్తుంది. అంతవరకు ఆ ట్యూబు రాయకండి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మాత్రం తప్పక తీసుకెళ్లండి, దాని మీద రాసింది చూస్తే మాకు చాలా సంగతులు తెలుస్తాయి.

ఇవన్నీ రెండు వారాలు శ్రద్ధగా చేసినా మార్పు లేకపోతే చర్మవ్యాధి నిపుణులకు చూపించండి. పగుళ్ల నుంచి చీము వచ్చినా, పసుపు రంగు పక్కు కట్టినా, ఎరుపు చేయి పైకి పాకుతున్నా, జ్వరం వచ్చినా రెండు వారాలు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు మరింత తొందరపడాలి. చిన్న చిన్న నీటిపొక్కులు రావడం, మోచేతుల మీద మందమైన పొలుసులు, వేళ్ల సందుల్లో రాత్రిపూట పెరిగే దురద ఉంటే అవి వేరే జబ్బుల గుర్తులు. ఒళ్లంతా పొడిబారి, నీరసం, బరువు పెరగడం, చలికి తట్టుకోలేకపోవడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఏదైనా వస్తువు పడడం లేదనిపిస్తే ప్యాచ్ టెస్ట్ ఉంది. వీపు మీద పట్టీలు అంటించి రెండు రోజులకు తీస్తారు, తర్వాత ఇంకో రెండు రోజులకు మళ్లీ చూస్తారు.

పూర్తిగా తగ్గుతుందా అని అడిగారు. ఈ పగుళ్లు కొన్ని వారాల్లో పూడిపోతాయి. పైకి నునుపుగా కనిపించినా లోపలి గోడ మునుపటి బలానికి రావడానికి నెలలు పడుతుంది. కొంచెం అశ్రద్ధ చేస్తే మళ్లీ చిట్లుతుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే ఆపేస్తారు. మీ ఫోన్ వేలిముద్రను మళ్లీ పట్టిన రోజున క్రీమ్ పక్కన పెట్టేయకండి, చలి పూర్తిగా పోయేదాకా రాయండి. వచ్చే చలికాలం మాత్రం పగులు కోసం ఎదురుచూడకుండా, చేతులు కాస్త గరుకుగా తగిలిన రోజే మొదలుపెట్టండి.